గంపలా లేచిన దుప్పటి

నిన్న, 2013 డిసెంబరు 2, సోమవారం ఉదయం పదకొండున్నరకు, నా తలలో నిమ్మకాయంత గడ్డ ఉందని డాక్టరు చెప్పారు. స్కాన్ మళ్లీ చూపించమన్నాను. గడ్డ అక్కడే ఉంది.

నేను స్వర్ణలతను, శంషాబాద్ బుచ్చయ్య కూతురిని, రిటైరైన విలేకరిని. వయసు యాభై తొమ్మిది. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. "తలకాయల గడ్డ ఉన్నోళ్ల సంతకం చెల్లుతదా?" అని తమ్ముడు దశరథం ఆస్పత్రి మెట్ల మీదే అడిగాడు. చెల్లుతుంది. డాక్టరు ధ్రువపత్రం జతచేశాను.

1. ఎయిర్‌పోర్టు రోడ్డు వెనక నేను కట్టుకున్న ఇల్లు నా తదనంతరం దశరథం భార్య చంద్రమ్మకు, ఆమె ఒక్కదానికే, సర్వహక్కులతో చెందాలి. కారణం ఇది. నేను క్రోషా సూదితో ఆరు మూలల ఊలు దుప్పట్లు అల్లుతాను. ప్రతి వరుసలో, మూల వచ్చినప్పుడల్లా ఒకే చోట మూడు కుట్లు వేయాలి. అప్పుడే అల్లిక చదునుగా పరుచుకుంటుంది. వేయకపోతే అంచు పైకి లేస్తుంది. దసరా నుంచి నావి లేస్తున్నాయి. ఊలు మంచిది కాదనుకున్నాను. శనివారం చంద్రమ్మ బీరువాలోంచి ఒకటి తీసి నేల మీద పరిచి, "ఏంది వదినె, దుప్పటని చెప్పి గంప అల్లినవ్? కోళ్లను కమ్ముదామా?" అంది. నవ్వాను. నేను పైకి లెక్కపెడుతూ ఇంకొకటి అల్లుతుంటే, ఆమె పక్కన కూర్చొని నా చేతులే చూసింది. "నోరు మూడంటున్నది, చెయ్యి ఒకటే ఏస్తున్నది. ఇగ లే, దవాఖానకు పోదాం" అని ఆటో పిలిచింది. నేను మూడూ వేశాననే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

2. దశరథానికి ఆ దుప్పటి. అతను దాన్ని నెల కిందటే చూసి, "మస్తుందక్కా" అని మడిచి బీరువాలో పెట్టాడు. "నీ మనసు నొస్తదని చెప్పలే" అని నిన్న ఏడ్చాడు. నా కోపం పోలేదు. దుప్పటి మాత్రం వెచ్చగానే ఉంటుంది. కప్పుకోవాలి, దాచకూడదు.

3. మేనకోడలు పూర్ణిమకు సూదులు, మిగిలిన ఊలు. మూల దగ్గర ఉన్నప్పుడు ఫోన్ ఎత్తొద్దు.

4. ఈ వీలునామాను అమలుచేయాల్సింది నా పాత సహోద్యోగి, ఫొటోగ్రాఫర్ అనంతయ్య. ముప్పై ఏళ్లలో ఒక్క ఫొటో కూడా వేళకివ్వలేదు. ఈ పనైనా వేళకు చేయాలి.

గురువారం ఉదయం ఎనిమిదికి ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉంటుందో పోతుందో చెప్పలేమని డాక్టరు అన్నారు. రేపు, బుధవారం పదకొండు గంటలకు, సబ్ రిజిస్ట్రార్ ఎదుట ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా నేనే పైకి చదువుతాను.

శంషాబాద్, 3 డిసెంబరు 2013

(సంతకం) బి. స్వర్ణలత

సాక్షులు:
పెంటయ్య, పక్కింటివారు
అరుణ్‌కుమార్, మందుల దుకాణం యజమాని