పరుపుల కొట్టు నెట్టుకి తాళం

పిచుక ఫైబర్ నెట్, చీరాల ఆఫీసులో ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడితే వారికి,

పర్చూరు పరుపుల కొట్టు మొహిద్దీన్ బాషా నమస్కారాలు.

మీ మెసేజ్ అందిందండీ. "మీ షాపు దగ్గర వైఫై తాళం లేకుండా తెరిచి ఉంది, వెంటనే పాస్‌వర్డ్ పెట్టుకోండి, లేదంటే కనెక్షన్ ఆపేస్తాం" అన్నారు. తెరిచి ఉందని నాకు తెలుసు. తెరిచింది నేనే. తాళం వెయ్యను.

కారణం చెప్తా. మా బజార్లో ఫోను సిగ్నలు మేడెక్కితే గాని రాదు. జిన్నింగు మిల్లుకి పత్తి తోలుకొచ్చిన రైతులు మా కొట్టు అరుగు మీద కూర్చుంటారు. గుంటూరు యార్డులో మిర్చి ఎంత పలికిందో, మబ్బు ఎటు పోతోందో నెట్లో చూసుకుంటారు. వేసంకాలం కొట్టు ముందు కుండ పెట్టి నీళ్లు పోస్తే మంచోడు అంటారు, అదే నెట్టు పోస్తే నేరమా? నీళ్లు తాగేవాణ్ణి ఆపి "ముందు పాస్‌వర్డ్ చెప్పు" అనమంటారా?

నేనైతే అనను. మీకు చేతనైంది చేసుకోండి.

ఇట్లు,
తలుపు తీసే ఉంచే మొహిద్దీన్ బాషా

తా.క.: పోయిన నెల మీ లైన్‌మెన్ ఇద్దరు మా వీధి స్తంభం ఎక్కి పని చేసుకుని, దిగి మా అరుగు మీద కూర్చుని క్రికెట్ చూసి పోయారు. వాళ్లని మాత్రం పాస్‌వర్డ్ అడిగానా? మజ్జిగ కూడా ఇచ్చా.

---

గౌరవనీయులైన మొహిద్దీన్ బాషా గారికి,

పిచుక ఫైబర్ నెట్ కస్టమర్ విభాగం నుంచి హేమశ్రీ నమస్కారాలు.

మీ మంచి మనసు అర్థమైందండీ. కానీ నీళ్ల కుండకీ నెట్టుకీ తేడా ఉంది. కుండలో నీళ్లు తాగినవాడు వెళ్లి ఎవరినైనా తిడితే ఆ పాపం మీది కాదు. మీ నెట్టు మీద కూర్చుని ఎవడైనా మోసం చేస్తే మాత్రం పోలీసులు ముందు మీ గుమ్మంలోకే వస్తారు. పైగా తెరిచి ఉన్న నెట్టులోంచి మీ ఇంట్లోవాళ్ల కంప్యూటర్లలోకి దూరే దారి కూడా దొరకొచ్చు.

కాబట్టి దయచేసి మూడు పనులు చేయండి. పాస్‌వర్డ్ పెట్టండి. బయటివాళ్ల కోసం వేరేగా గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. అన్నిటికన్నా ముందు ఫైర్‌వాల్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చాలా ప్రమాదం.

భవదీయురాలు,
హేమశ్రీ

తా.క.: మజ్జిగ సంగతి మా లైన్‌మెన్ చెప్పారు. అల్లం కొంచెం ఎక్కువైందట.

---

హేమశ్రీ అమ్మా,

బాషా బాబాయి దీవెనలు. గారూ గీరూ ఎందుకులే, మా అమ్మాయి ఈడుదానివి అయ్యుంటావు.

నువ్వు చెప్పిన గెస్టు సంగతి కుదరదు. మా ఇంట్లో చుట్టాలకి వేరే వంట ఉండదు. మేం తినేదే వాళ్లకీ. నెట్టు కూడా అంతే.

ఫైర్‌వాల్ గురించి మాత్రం నీకు దణ్ణం పెడుతున్నా. ఇన్నేళ్లూ ఎవడూ చెప్పలేదమ్మా! చుట్టూ దూది బేళ్లు, మధ్యలో కరెంటు డబ్బా, దానికి మిణుకుమిణుకుమనే లైట్లు. ఫైరంటే మా దూదేకులోళ్లకి ఎంత భయమో నీకు తెలీదు, కొట్లో అగరొత్తి కూడా వెలిగించం. మీ ఉత్తరం చూడగానే మేస్త్రీ బుడాన్‌ని పిలిపించా. మీ డబ్బా చుట్టూ నిలువెత్తు ఇటుక గోడ లేపించా. లోపలా బయటా సిమెంటు. ఇప్పుడు అంటుకోమను చూద్దాం.

గోడ లేచాక మేడ మీద మా అమ్మాయి సిద్దికాకి నెట్టు పోయింది. వీధిలోవాళ్లకి మాత్రం చెక్కు చెదర్లా. ఇదేం విడ్డూరమో. బయటోళ్లకి పెట్టినది తరగదు అంటారు పెద్దలు, అదే అయ్యుంటుంది.

కానీ సిద్దికాది పెద్ద తలనొప్పి అయ్యింది. అది హైదరాబాదులో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి మా మేడ మీద కూర్చుని పనిచేస్తుంది. అల్లుడు వాసిం వాడరేవులో ఐసు ఫ్యాక్టరీ చూసుకుంటాడు. మనవరాలు నస్రత్ ఇంకా పాలు మానలేదు. ఇప్పుడు ఆ కంపెనీవాళ్లు "మీ ఇంటి నెట్టుకి గట్టి తాళం ఉందని మీ నెట్టు ఆఫీసు నుంచి కాయితం తేవాలి, లేకపోతే నెలాఖరుకి హైదరాబాదు వచ్చి సీట్లో కూర్చోవాలి" అన్నారంట. అది హైదరాబాదు పోతే పిల్ల ఇక్కడ, తల్లి అక్కడ. లేదా ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

గోడ కట్టాం కదా. ఆ కాయితం ఒకటి పంపించమ్మా.

నీ బాబాయి,
మొహిద్దీన్ బాషా

తా.క.: గోడకి తలుపు పెట్టడం మర్చిపోయాడు బుడాన్. మీ డబ్బాకి ఏమన్నా రిపేరు వస్తే మీవాళ్లని గడ్డపలుగు తెచ్చుకోమను.

---

బాషా బాబాయి గారికి,

హేమశ్రీ నమస్కారాలు.

బాబాయ్, ఫైర్‌వాల్ అంటే ఇటుక గోడ కాదు! అది రూటర్ లోపల ఉండే ఒక సెట్టింగు. దొంగ రాకపోకల్ని ఆపుతుంది. మంటకీ దానికీ సంబంధం లేదు. నేను వివరంగా రాయకపోవడం నా తప్పే. ముందు ఆ గోడ తీయించండి, పాపం సిద్దికా అక్క.

కాయితం పాస్‌వర్డ్ లేకుండా ఇవ్వలేం. నేను మా తనిఖీ అధికారి గోపాలకృష్ణ గారిని అడిగాను. ఆయన సోమవారం పర్చూరు వస్తారు. మీ కొట్టు బయట వీధిలో కూర్చుని మీ నెట్టులోకి దూరడానికి ప్రయత్నిస్తారు. దూరలేకపోతే అక్కడికక్కడే కాయితం మీద సంతకం. దూరగలిగితే కాయితం ఉండదు, కనెక్షనూ ఉండదు.

పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలకి తగ్గకూడదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. పేరు, పుట్టినరోజు, ఫోన్ నంబరు వద్దు. మొదటిది పెద్ద అక్షరం, చివర ఒక అంకె, ఒక గుర్తు. ఎవరికీ చెప్పకండి.

మీ,
హేమశ్రీ

తా.క.: మీరు పంపిన గోడ ఫొటో మా ఆఫీసులో అందరం చూశాం. పూత చాలా నున్నగా వచ్చింది.

---

అమ్మా హేమశ్రీ,

గోడ పడగొట్టించా. కట్టినప్పుడు రానివాళ్లు కూడా పడగొట్టేటప్పుడు వచ్చారు చూడ్డానికి.

సిద్దికా ఆ ఫైర్‌వాల్ సెట్టింగేదో నొక్కింది. నేనే స్వయంగా పాస్‌వర్డ్ కూడా పెట్టా. మీ ఆవిడ చాంద్‌బీ ఏడుపు చూడలేక పెట్టా అనుకోకు. (మీ ఆవిడ కాదు, మా ఆవిడ. తొందరగా కొడుతున్నా.) పిల్ల ఉద్యోగం కోసం పెట్టా. కానీ నువ్వు "ఎవరికీ చెప్పకండి" అన్నావే, అది మాత్రం నావల్ల కాదు. ముప్ఫయ్యేళ్లు వీధిలో కూర్చుని యాపారం చేసినోణ్ణి. తాళం వెయ్యమన్నారు, వేశా. తాళంచెవి దాచమంటే దాచను. గుమ్మానికి తగిలిస్తా!

అందుకని కొట్టు ముందు నల్ల బోర్డు మీద సుద్దముక్కతో తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పెట్టా: "మా నెట్టు పాస్‌వర్డ్: కళ్లాల్లో మిరపకాయలు. ఇంగ్లీషులో కలిపి కొట్టాలి. మొదటిది పెద్దక్షరం, చివర ఒకటి, చుక్క. అందరూ వాడుకోండి." ఈ రోజుల్లో కళ్లాల నిండా మిరపకాయలే కదా ఆరబోసి ఉన్నాయి, ఎవరికైనా గుర్తుంటుందని ఆ మాట పెట్టా.

సిద్దికా బోర్డు చూసి "నాన్నా, నువ్వు నా ఉద్యోగం ఊడగొట్టి నన్ను హైదరాబాదు బస్సెక్కించేదాకా నిద్రపోవా?" అని పొద్దుట్నుంచీ మాట్లాడట్లేదు. చాంద్‌బీ అన్నం పెడుతోంది గాని పచ్చడి వెయ్యట్లేదు. అయినా తగ్గను.

మొండివాడు,
మొహిద్దీన్ బాషా

తా.క.: తాళం పడ్డాక కూడా అరుగు మీద ఒక్కరు నోరెత్తలేదు, అందరికీ నెట్టు వస్తూనే ఉంది. మావాళ్లు బోర్డు చూసి ఇట్టే కొట్టేసుకున్నారు చూడు. చదువురానోళ్లు అని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు.

---

బాబాయ్ గారూ,

కొంప మునిగింది. తొందరగా రాస్తున్నాను.

మీ బోర్డు సంగతి గోపాలకృష్ణ గారికి ముందే చెబుదామని ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పెట్టాను. "బాషా గారు బోర్డు పెట్టారు, కళ్లాల్లో మిరపకాయలు" అని. ఆయన విశాఖ టౌన్లో పుట్టి పెరిగారు. కళ్లం మాట ఆయనకి అలవాటు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కళ్లాల్లోకీ కళ్లల్లోకీ తేడా ఏముంటుంది? తనిఖీకి వచ్చినవాళ్ల కళ్లల్లో మిరపకాయలు కొడతానని మీరు బోర్డు కట్టి మరీ బెదిరించారని అనుకున్నారు!

నేను సర్దిచెప్పేలోపే బయల్దేరిపోయారు. ఫోను ఎత్తట్లేదు. హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించుకుని వస్తున్నారని డ్రైవరు చెప్పాడు. కారులో.

దయచేసి ఆయన వచ్చినప్పుడు చేతిలో ఏమీ పట్టుకోకండి. ముఖ్యంగా ఎర్రగా ఉన్నది ఏదీ. ఆ బోర్డు కూడా తుడిచేయండి. సిద్దికా అక్క ముఖం చూసైనా.

కంగారులో,
హేమశ్రీ

తా.క.: పచ్చడి ఎదురుగా తెచ్చి పెట్టొద్దని పిన్నికి కూడా చెప్పండి.

---

చిరంజీవి హేమశ్రీకి,

బాబాయి దీవెనలు. నీ ఉత్తరం నేను చూసేసరికే మీ సారు దిగారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మనిషి హెల్మెట్‌తోనే దిగాడు. "నమస్కారం సార్" అని చెయ్యెత్తానో లేదో, వెనక్కి రెండంగలు వేసి పత్తి బోరెం మూట మీద పడ్డాడు. లేపి అరుగు మీద కూర్చోబెట్టాం. లాప్‌టాప్ తీశాడు. "బాషా పరుపులు" అని నా నెట్టు పేరు కనపడింది, పాస్‌వర్డ్ అడిగింది. అద్దంలోంచి బోర్డు వైపు చూశాడు. చూసి, "ఇంత పబ్లిగ్గా రాసేస్తే ఇంక దూరడమేంటయ్యా, నడుచుకుంటూ వెళ్లడమే" అన్నాడు. కొట్టాడు. తప్పు అంది.

ఇంక చూడు. మా కొండ్రగుంట చెంచురామయ్య లేడూ, అరుగు మీద మొదటి చోటు అతనిదే, "ళ్లా అంటే రెండు ఎల్‌లు సార్" అన్నాడు. తప్పు అంది. "దీర్ఘం ఉంది కదయ్యా, రెండు ఏలు పెట్టు" అని ఒకడు. తప్పు. "కాయలు అంటే వై కాదు, ఐ" అని ఇంకొకడు. "మా పిల్లల స్కూల్లో మిరపకి డబల్ ఈ పెడతారు" అని పున్నమ్మ. "ఒసే, అది మీరపకాయ అయిపోద్ది!" అని చెంచురామయ్య. అక్కణ్ణించి కొట్టుకోవడం ఒకటే తక్కువ. పర్చూరు బజారంతా నా పాస్‌వర్డ్ గొంతెత్తి అరుస్తోంది, మీ సారు చెమటలు కక్కుతూ కొడుతున్నాడు, ఒక్కటీ తగల్లేదు! చివరికి నన్నే అడిగాడు. "ఎలా కొట్టారండీ?" అని. నాకేం తెలుసు? తొందర్లో కొట్టా. నా ఫోను పట్టేసింది, అందులో వచ్చిన గళ్ల బొమ్మ (క్యూఆర్ కోడంట) చూపిస్తే సిద్దికా కంప్యూటరూ పట్టేసింది. మళ్లీ కొట్టే పని పడితే కదా!

సారు లాప్‌టాప్ మూసి, "బోర్డు తుడిస్తే సంతకం పెడతా" అన్నాడు. నేను సుద్దముక్క జేబులో పెట్టుకుని "తుడవను" అన్నా. అప్పుడు చెంచురామయ్య తగుదునమ్మా అని, "ఇంత రాద్ధాంతం ఏంది సార్, నాకు నెట్టు వస్తానే ఉంది. ఇదుగో తేజా మిర్చి రేటు" అని ఫోను చూపించాడు.

సారు ఎగిరి లేచాడు. "దొరికింది! ఈయన ఎవరో బయటి మనిషి, పాస్‌వర్డ్ లేకుండా లోపల ఉన్నాడు! తనిఖీ ఫెయిల్. కాయితం లేదు, కనెక్షన్ కట్!"

అమ్మా, నేను ముందు మెట్ల వైపు చూశా. సిద్దికా మెట్ల మీద నస్రత్‌ని ఎత్తుకుని నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. గబగబా దిగి, పిల్లని నా చేతిలో పెట్టి, నా జేబులో చెయ్యి పెట్టి రుమాలు తీసి బోర్డు తుడిచేసింది. "ఇది నా తాళం నాన్నా, నీది కాదు. లోపల ఉన్నది నీ పరుపులు కాదు, ఎవరెవరి ఆసుపత్రి బిల్లులో, ఎవరెవరి రోగాలో. వాళ్లు నన్ను నమ్మి ఇచ్చారు" అంది. నాకు అప్పుడు తగిలిందమ్మా. ఇన్నాళ్లూ నా గుమ్మం అనుకున్నా గాని, దాని గుమ్మం కూడా అదే అని తట్టలేదు.

అంతటితో ఆగలేదు నా కూతురు. చెంచురామయ్య ఫోను లాక్కుని మీ సారు ముఖం ముందు పెట్టింది. "సార్, ఈయన ఏ నెట్టులో ఉన్నాడో పైన పేరు చదవండి."

"కనపట్టల్లేదమ్మా."

"అద్దం ఎత్తండి సార్. మా ఊళ్లో కళ్లల్లో ఎవరూ ఏం కొట్టరు."

ఎత్తాడు. చదివాడు. తర్వాత మెల్లగా తలెత్తి వీధి స్తంభం వైపు చూశాడు.

"పిచుక టెస్ట్" అని ఉందమ్మా ఆ పేరు! మీ ఆఫీసుదే. మీ లైన్‌మెన్ ఆ స్తంభం మీద డబ్బా పెట్టి, పరీక్షించుకుని, తాళం వెయ్యకుండా దిగి మజ్జిగ తాగి పోయారు. అరుగు మీద ఉన్నవాళ్లందరి ఫోన్లూ చూశాం. ఒక్కడంటే ఒక్కడు నా నెట్టులో లేడు. నా డబ్బా లోపల దూది బేళ్ల వెనకాల ఉంది కదా, దాని సిగ్నలు అరుగు దాకా వచ్చేసరికే సన్నబడిపోతోందంట, ఫోన్లన్నీ గట్టిగా ఉన్న మీదాన్నే పట్టుకున్నాయంట. మీ యంత్రానికి తెరిచి ఉన్నట్టు కనపడిందీ మీదే, మీరు మెసేజ్ పంపిందీ మీ డబ్బా గురించే!

నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క సిగ్గు. ఊరందరికీ నెట్టు పోస్తున్న పుణ్యాత్ముణ్ణి అని విర్రవీగానా, ఆ పుణ్యం మీ ఖాతాలో పడుతోంది. చెంచురామయ్య "నీ ధర్మం అని రెండు దిండ్లు కొన్నా కదయ్యా" అని తిట్టిపోశాడు.

మీ సారు అరుగు మీదే కాయితం పెట్టి సంతకం చేశాడు. సిద్దికా ఆ కాయితాన్ని అక్కడే ఫొటో తీసి హైదరాబాదు పంపేసింది. వాళ్లు సరే అన్నారు. పిల్ల మా దగ్గరే ఉంటుంది, దాని తల్లీ ఉంటుంది. ఇవాళ పచ్చడి కూడా పడింది.

మా తాళం ఇంక మాట్లాడను. అది సిద్దికాది, గట్టిగానే ఉంటుంది. కానీ మీ డబ్బా సంగతి తేల్చుకుందాం. దానికి తాళం వేసుకుంటారో, బజారుకి వదిలేస్తారో మీ ఇష్టం. వేస్తే మాత్రం అదే బోర్డు మీద అదే సుద్దముక్కతో రాస్తా: "ఇక్కడ రైతుల నెట్టు ఆపేసింది పిచుక వాళ్లు, బాషా కాదు." ఈసారి ఇంగ్లీషులో కూడా రాస్తా, ఎవరూ పొరపాటు పడకుండా.

అదే మొండివాడు,
నీ బాబాయి మొహిద్దీన్ బాషా

తా.క.: అల్లుడు వాసిం వాడరేవు నుంచి వచ్చాడు, కొత్త ఫోనులో మన నెట్టు కావాలన్నాడు. గళ్ల బొమ్మ చూపించు నాన్నా అంది సిద్దికా. చూపిస్తే మజా ఏముంది? చెవిలో పాస్‌వర్డ్ చెప్పా. మధ్యాహ్నం నుంచి కొడుతూనే ఉన్నాడు, అన్నానికి కూడా లేవట్లేదు. మీ సారు కొట్టి చూసినవి ఏమన్నా గుర్తుంటే చెప్పమ్మా, పాపం అవన్నా మానేస్తాడు.