అవసరం లేదన్న అవ్వ

తిరువళ్లూరు,
బుధవారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకు,

ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నీ తమ్ముడు దయాకర్ చేతులు జోడించి (రెండూ జోడిస్తే రాయడం కుదరదు కనుక ప్రస్తుతానికి ఒక చేత్తోనే) చేయు వందనములు. ఆసుపత్రి అన్నానని గుండె పట్టుకోకు, రోగిని నేను కాదు. నేనిక్కడ క్షేమం. నువ్వు, బావ, చంటిది కులాసాయేనా? అమ్మ మోకాలు ఎలా ఉంది? నాన్న గొంతు బాగుపడిందని మాత్రం ఆయన ఆదివారం చర్చిలో చేసిన ప్రసంగం సంగతి నువ్వు చెప్పినప్పుడే తెలిసింది. ఆ ప్రసంగం గురించే ఈ ఉత్తరం.

ఫోను ఉండగా ఉత్తరమేంట్రా అంటావు. మన ఇంట్లో ఫోను పుట్టినప్పటి నుంచీ స్పీకర్‌లోనే ఉంది. నేను హలో అంటే నాన్న, అమ్మ, పక్కింటి సుశీలత్త ముగ్గురూ కలిసి చెప్పు నాయనా అంటారు. ఇది ముందు నీ ఒక్కదానికే చెప్పాలి.

నేనిక్కడికి వచ్చి ఐదు నెలలైంది కదా. స్టేషను వెనక గది. మెస్సులో పొద్దున ఇడ్లీ, రాత్రి ఇడ్లీ. మధ్యాహ్నం అన్నమే పెడతారు గానీ, ఇడ్లీకి చిన్నబుచ్చుకోకుండా అదే సాంబారు పోస్తారు. ఎండలు తగ్గాయి, సాయంత్రం పూట ఓ జల్లు పడుతోంది. గదిలో మాట్లాడటానికి ఎవరూ లేరు కాబట్టి ఫ్యానుతో మాట్లాడుతున్నాను. అది అన్నిటికీ అడ్డంగానే తల తిప్పుతుంది. బాగానే ఉన్నాను. అమ్మ అడుగుతుంది కనుక మళ్ళీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను.

నా ఉద్యోగం సంగతి మీకెవరికీ సరిగ్గా తెలియదు. విదేశాల చర్చీల నుంచి పదిమంది, పన్నెండుమంది చొప్పున సేవ చేయడానికి రెండు వారాలకని వస్తారు. దాన్ని మిషన్ ట్రిప్ అంటారు. తిరుత్తణి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ మాట ఇంగ్లీషులోకి, వీళ్ళ మాట తెలుగులోకి మోయడం నా పని. మా ఆఫీసు పెద్ద జోసఫ్ సార్ నన్ను తీసుకునేటప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే, వేగంగా మాట్లాడతావా అని. మాట్లాడతానన్నాను. ఆ వేగమే కొంప ముంచింది.

ఈసారి ఆస్ట్రేలియా నుంచి పదకొండు మంది వచ్చారు. మంచివాళ్ళక్కా, ఇది వెటకారం కాదు. ఎండలో నిలబడి బడి గోడకు పసుపు రంగు వేశారు. మార్చిలో వచ్చినవాళ్ళు అదే గోడకు నీలం వేశారు. హెడ్మాస్టరు ఇద్దరికీ ఒకటే ఉపన్యాసం ఇచ్చాడు, నేను ఇద్దరికీ ఒకటే అనువాదం చేశాను. ఇలాగే సేవ కొనసాగితే రంగుల మందానికి బడి ఆవరణ తగ్గిపోతుందని నా భయం.

వాళ్ళలో డెబ్రా అని నర్సు. పోయిన వారం సోమవారం బడి వరండాలో అందరి కళ్ళూ పరీక్ష చేసింది. పొర ఉన్నవాళ్ళ పేర్లు రాసుకుని, గురువారం వ్యానులో మద్రాసు వైపు ఒక ఆసుపత్రికి పంపి, ఆపరేషను చేయించి, తోడుగా ఒక మనిషిని కూడా ఉంచుతారు. ఆ వరసలో రుక్మిణమ్మ అని ఒక అవ్వ వచ్చి కూర్చుంది. నాయుళ్ళ ఇల్లు, కాస్త మల్లెతోట ఉంది. భర్త పోయాడు. కొడుక్కి ఆవడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆదివారం తప్ప దొరకడు. రెండు కళ్ళకూ పొర. పూలు మాత్రం తడుముకునే కట్టేస్తుంది.

ఆపరేషను చేయించుకుంటారా అని అడగమంది డెబ్రా. అడిగాను.

"అవసరం లేదు నాయనా," అంది అవ్వ.

తర్వాత ఇంకా ఏదో చెబుతోంది. వెనక జనం నిలబడి ఉన్నారు. నేను అప్పటికే, తనకు ఏ అవసరమూ లేదంటోందని ఇంగ్లీషులో అప్పజెప్పేసి, తర్వాతి మనిషిని పిలిచేశాను. డెబ్రా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరు కొట్టేసి, అవ్వ చేతులు పట్టుకుంది. అవ్వ ఆమె చెంప నిమిరి సల్లంగుండు తల్లీ అంది. ఫొటో తీశారు. గురువారం వ్యాను వెళ్ళిపోయింది.

శుక్రవారం వీడ్కోలు సభ. డెబ్రా మైకు తీసుకుని, మాకు అన్నీ ఉన్నా చాలవు, ఈ తల్లి చూపు పోతున్నా నాకు ఏ అవసరమూ లేదంది, ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఇదే అని సాక్ష్యం చెప్పింది. ఒకరు వీడియో తీస్తున్నారు. నేను తెలుగు చేశాను. జనం తలలూపారు. అవును, రుక్మిణమ్మకు అవసరం లేదు, నిజమే అన్నారు. అప్పుడు ముందు వరసలో ఉన్న రుక్మిణమ్మ లేచింది.

"అవసరం లేదంటి నాయనా. వద్దంటినా?" అంది. "ఆడికృత్తిక పండగకు పూల పనుండాది, అది కానీ, అయినాక వస్తానంటి గదా. ఇంగ వ్యాను ఎప్పుడొస్తాది?"

అప్పుడు వెలిగింది. తమిళంలో అవసరం అంటే తొందర. రాయల కాలం నుంచీ తమిళం మధ్య తెలుగు మాట్లాడుతున్న వీళ్ళకూ అంతే. ఆవిడ చెప్పింది తొందరేం లేదని. ఐదు నెలలుగా బస్సులో కండక్టరు అవసరపడొద్దు, నిదానంగా దిగు అని నా చెవిలోనే అరుస్తున్నాడు. మన చీరాల తెలుగుకు అది ఎక్కలేదు.

ఏమంటోంది అని డెబ్రా నా వైపు తిరిగింది. జోసఫ్ సార్‌కి అంతా అర్థమైంది. వెనక నుంచి మెల్లగా, "తంబీ, నల్లా ముడి," అన్నాడు. బాగా ముగించమని.

మీకు దీవెనలు చెబుతోందని ఇంగ్లీషులో చెప్పాను, అక్కా.

చప్పట్లు కొట్టారు. అవ్వ కూడా కొట్టింది, తన ప్రశ్నకు ఏదో మంచి జవాబు వచ్చిందనుకుని.

మర్నాడు వాళ్ళను విమానాశ్రయంలో దింపాను. డెబ్రా నన్ను పట్టుకుని, నీ నోరు దేవుడిచ్చిన వరం అంది. సిగ్గు రాలేదు. ఏడుపూ రాలేదు. చేయి తల కింద పెట్టుకుని పడుకుని లేస్తే, అది మనది కాదన్నట్టు వేలాడుతుంది చూడు, లోపల అలా ఉంది. తిమ్మిరి వదిలేటప్పుడు సూదులు గుచ్చుకోవాలి కదా, అవి కూడా లేవు. తింటున్నాను, నిద్రపోతున్నాను. అమ్మకు ఈ రెండూ చెప్పు.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసి, ఆ వీడియో తిరిగి తిరిగి నాన్నకు చేరిందనీ, దాని మీదే ప్రసంగం చేశారనీ, ఆ మాటను లోకానికి అందించినవాడు నా కుమారుడే అన్నారనీ, అమ్మ ఏడ్చిందనీ చెప్పావు. నేను ఓహో అన్నాను. దేవుడిచ్చిన వరానికి అంతకన్నా తోచలేదు.

సోమవారం పొద్దున్నే తిరుత్తణి బండెక్కి అవ్వ ఇంటికి పోయాను. ఆడికృత్తిక అయిపోయింది, వాకిట్లో కూర్చుని మామూలు మూరలు కడుతోంది. మొదటిది పొరపాటు, రెండోది అబద్ధం అని విడివిడిగా చెప్పాను. చేతులు ఆపకుండా వింది. మరి ఆ తెల్లామె ఎందుకట్లా ఏడ్చిందని అడిగింది. కళ్ళు పోతున్నా మీకు ఏమీ అక్కర్లేదన్నారని, అంత తృప్తి ఆమె ఎక్కడా చూడలేదని చెప్పాను.

అవ్వ అప్పుడు చేతులు ఆపింది.

"అంత మంచి మాట నేనెందుకంటాను నాయనా?" అంది. "పొయ్యి కనపడక మొన్న చెయ్యి కాల్చుకుంటి. తోడొచ్చే మనిషి లేకనే గదా మీ వ్యానుకు పేరియ్యను కూసుంటి."

తిరువళ్లూరు పెద్దాసుపత్రిలో ఈ ఆపరేషను ఊరికే చేస్తారని ఆవిడకు ఎప్పుడో తెలుసు. లేనిదల్లా పక్కన ఉండే మనిషి. అంటే పదకొండు మంది సముద్రం దాటి వచ్చినా ఆవిడకు కావలసింది ఒక్క మనిషి, ఆ ఒక్కణ్ణి నేను రెండు వాక్యాల్లో లేకుండా చేశాను. నేను వస్తానన్నాను. అవ్వ నమ్మినట్టు కనపడలేదు. చీర మార్చుకుని సంచీ మాత్రం తెచ్చుకుంది.

నిన్న పరీక్షలయ్యాయి. ఇవాళ ఒక కంటికి చేస్తారు. ఫారంలో తోడున్న మనిషి వరస ఏమిటని నర్సమ్మ నన్ను అడిగింది. అవ్వే చెప్పింది.

"మనవడని రాసుకోమ్మా. తెలుగు సరిగ్గా రాదు గానీ మంచోడే."

వార్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాలక్కా, మామూలుగా అయితే నాలుగు రోజులు చెప్పుకుని నవ్వుతాను. రాలేదు.

డెబ్రాకి నిన్న రాత్రి అంతా రాసి పంపాను. జవాబు లేదు. జోసఫ్ సార్‌కి కూడా చెప్పాను. వచ్చే సోమవారం ఒకసారి వచ్చి కనపడు తంబీ అన్నాడు, చాలా మర్యాదగా. కాబట్టి నా బీరువా అడుగున ఉన్న డిగ్రీ సర్టిఫికెట్ జెరాక్సులు రెండు పంపు. దాంతో పాటే కాస్త పండుమిర్చి పచ్చడి కూడా, మూత గట్టిగా బిగించి. ఉద్యోగం గురించి బెంగ పెట్టుకోవద్దు. నేను పెట్టుకోవడం లేదు, పెట్టుకుందామన్నా కుదరడం లేదు.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించు. సుశీలత్త లేని సమయం చూసి మొదలుపెట్టు, అలాంటి సమయం ఉంటే. ఆయన కోప్పడితే కోప్పడనీ. వచ్చే ఆదివారం అదే మైకులో, ఆ అవ్వ అలా అనలేదు, మావాడు అన్నాడు అని చెప్పమను. ఆయన నోట రాకపోతే నేనే వచ్చి నిలబడి చెబుతాను. ఈసారి తెలుగులోనే చెబుతాను, నిదానంగా.

అమ్మకూ నాన్నకూ పాదాభివందనాలు, బావకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. మీ ప్రార్థనల్లో నా పేరు ముందు రుక్మిణమ్మ పేరు చేర్చండి, ఎడమ కన్ను అని విడమరిచి మరీ. తప్పు చేసినవాడే అయినా దీవించమని అడుగుతూ ఇక్కడితో ఆపుతున్నాను. తలుపు దగ్గర నర్సమ్మ రుక్మిణమ్మ తాలూకు ఎవరని పిలుస్తోంది. నన్నే.

మీ
దయాకర్