వాసన లేని జిగురు

అబిడ్స్, నవంబరు 9

ప్రియమైన వనితా,

నువ్వు పంపిన పార్శిల్ నిన్న అందింది. డబ్బా మూత తీయగానే మీ పేపరు మిల్లు వాసన గదంతా పరుచుకుంది. లిగ్నిన్ పొడి టీపొడి రంగులో ఉంది, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా జారిపోతోంది. కట్టెను ఉడికించి కాగితానికి పీచు తీసుకున్నాక మిగిలే నల్లటి ద్రావణంలో ఇంత సరుకుందని కోఠి కాలేజీలో మనకెవరూ చెప్పలేదు. చెట్టులో పీచును పీచుతో పట్టి ఉంచేది ఈ లిగ్నినే కదా. దానితోనే చెక్క పలకలు అతికించాలని మా వెంకటేశం మామయ్య పట్టుదల.

ఫోన్ చేయవెందుకని అడిగావు. కింద మామయ్య ఫర్నిచర్ దుకాణం, పైన మేమందరం. ఫోన్ మోగితే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. నన్నెవరూ ఏమీ అనరు, ఒంటరిగా మాత్రం వదలరు. పొద్దున మా ఆయన రవికిరణ్‌తో నాంపల్లి గోదాముకు పోతాను, సాయంత్రం అతనితోనే తిరిగొస్తాను. తండ్రి పోయాక రవిని పెంచింది మామయ్యే, ఆయన అత్తమ్మకు స్వయానా అన్న. పెళ్లయ్యాక నాకు పనెందుకని అందరూ అంటే, "చదువుకున్న పిల్ల, ఇంట్ల కూసుండి ఏం చేస్తది" అని గోదాములో చిన్న ల్యాబ్ పెట్టించిందీ ఆయనే. ఆయనకు ఎదురు చెప్పలేను.

జనవరిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో మామయ్య స్టాల్ తీసుకున్నాడు. కళ్లు మండించే ఆ ఘాటు ఫార్మాలిన్ లేని జిగురుతో చేసిన పసిపిల్లల మంచాలు అమ్మాలట. నా జిగురేమో గట్టిపడడమే లేదు. ఎందుకో చెప్పు.

నీ నళిని

*

మిల్లు కాలనీ, నవంబరు 20

నళినీ, నా తల్లీ,

నైట్ షిఫ్ట్‌ల వల్ల జవాబు ఆలస్యమైంది. జిగురు గట్టిపడకపోవడం నీ తప్పు కాదు. మాది నీలగిరి కట్టె. దాని లిగ్నిన్‌లో ఇంకో అణువును పట్టుకోవడానికి ఖాళీగా ఉండే చోట్లు తక్కువ. పైగా లోడుకూ లోడుకూ గుణం మారుతుంది. మామూలు జిగురులో వేసే ఫినాల్ మొత్తం తీసేసి ఇదొక్కటే వేస్తే పట్టు రాదు. కొంత మాత్రమే మార్చు. ప్రెస్‌లో వేడి పెంచి, ఎక్కువసేపు ఉంచు.

ఇంకో మాట. నువ్వు చేస్తున్న పద్ధతిలో ఫార్మాలిన్ బొత్తిగా లేకుండా జిగురు కాదు. తగుమాత్రం వేసి, అంతా కలిసిపోయేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి ఎక్కువ పోస్తే, మిగిలింది నెలల తరబడి పలకలోంచి గాలిలోకి వస్తూనే ఉంటుంది. పసిపిల్ల ముఖం ఆనుకుని పడుకునే చోటది. 'ఫార్మాలిన్ లేదు' అని మాత్రం రాయనివ్వకు.

మా ల్యాబ్‌లో కెమిస్ట్ పోస్టు ఖాళీ అయింది. మా సార్‌తో నీ గురించి చెప్పాను. "ఆ పిల్లను జర తోలుకరా, మనింట్లనే ఉంటది" అంటోంది మా అమ్మ శంకరమ్మ. ఆలోచించు.

ప్రేమతో,
వనిత

*

అబిడ్స్, డిసెంబరు 14

వనితా,

నువ్వు చెప్పినవన్నీ మామయ్యకు చెప్పాను. ఓపికగా విన్నాడు. "గంతసేపు ప్రెస్సుల పెడ్తే నుమాయిష్ అయిపోతది బిడ్డా" అన్నాడు.

తర్వాత కొన్ని రోజులకు పలకలు చకచకా గట్టిపడటం మొదలైంది. సంతోషించాను కూడా. ఆ సాయంత్రానికే కళ్లు మండాయి. పొడి బస్తాల వెనక నీలం డ్రమ్ములు కనిపించాయి. ఫార్మాలిన్! ఇప్పుడు గోదాము షట్టర్ సగం దించి పని చేయిస్తున్నారు. అందరికీ ఒకటే దగ్గు.

మంచాలకు అంటించే స్టిక్కర్లు వచ్చాయి. 'ఫార్మాలిన్ లేనిది' అని పెద్ద అక్షరాల్లో, కింద నా పేరు, నా ఎమ్మెస్సీ.

రవిని అడిగాను. "నాకు తెల్వదు, జర ఓపిక పట్టు" అన్నాడు నా వైపు చూడకుండా. అప్పటినుంచి రోజూ ల్యాబ్ గుమ్మం దాకా వస్తాడు, నిలబడతాడు, వెళ్లిపోతాడు. నాకు కాపలా పెట్టినట్టుంది.

నీ దగ్గరికి రాలేను. నేను వెళితే రవిని మాటలతో చంపేస్తారు. ఉండిపోతే ఆ మంచాల మీద నా పేరుంటుంది. ఎటు తిరిగినా గోడే. ఆ పలకల్లోంచి ముక్క ఒకటి పార్శిల్లో పెట్టి ఈ ఉత్తరాన్నీ అందులోనే దాచి పంపుతున్నాను. పరీక్షించి చెప్పు.

నళిని

*

మిల్లు కాలనీ, జనవరి 8

నళినీ,

ముక్క పరీక్షించిన ఫలితం పోయిన ఉత్తరంలోనే రాశాను. నువ్వు చూశావో లేదో. ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నమ్మలేక మళ్లీ చేశాను, మళ్లీ అంతే.

నీ దగ్గర్నుంచి ఒక్క అక్షరం లేదు. ఫోన్ చేస్తే మీ అత్తమ్మ ఎత్తి, నువ్వు పనిలో ఉన్నావంది. నాకు నిద్ర పట్టడం లేదు. రెండు ముక్కలైనా రాయి, లేకపోతే నేనే బండెక్కుతాను.

వనిత

*

అబిడ్స్ జీపీఓ, జనవరి 20

ప్రియమైన వనితా,

రెండు ఉత్తరాలూ అందాయి. కోపం తెచ్చుకోకు, నుమాయిష్ మొదలైనప్పటి నుంచి స్టాల్‌లోనే ఉన్నాను. నీ ఫలితం మామయ్యకు చూపిస్తే, "గాలికి పెడ్తే పోతది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను వెళ్లి మళ్లీ మంచాల పక్కన నిలబడ్డాను.

ఆదివారం చాదర్‌ఘాట్ నుంచి పూలమ్మ అనే ఆమె మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పిల్లను మంచంలో పడుకోబెట్టి చూసింది. పిల్ల ఏడుపందుకుంది. ఆకలికో, జనం గోలకో ఏడ్చిందేమో, నాకు తెలియదు. నేను మాత్రం ఆగలేకపోయాను.

"ఇది కొనకండమ్మా, దీంట్ల ఫార్మాలిన్ ఎక్కువుంది" అన్నాను.

మామయ్య నవ్వి, కోడలికి చదువెక్కువై ప్రతిదానికీ భయపడుతుందని సర్దబోయాడు. ఆమె పిల్లను భుజాన వేసుకుని రవి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా, నిజమేనా?"

నేను రవిని చూడలేదు. ఏమంటాడో తెలుసనుకున్నాను.

"నిజమే అమ్మా. ఆ డ్రమ్ములు బేగం బజార్ నుంచి నేనే తెప్పించిన" అన్నాడు.

మామయ్య అరవలేదు. స్టూలు మీద కూర్చుండిపోయాడు. స్టాల్ మూసేయమన్నాడు. ఇంట్లో అత్తమ్మ అన్నం ముట్టలేదు. తన అన్న లేకపోతే ఈ కుటుంబం ఏమయ్యేదని గోడతో చెబుతూ కూర్చుంది.

రవి రోజూ ల్యాబ్ గుమ్మం దాకా వచ్చింది ఈ మాట చెప్పడానికేనట, వనితా. నోరు రాక తిరిగిపోయేవాడట. నేనేమో కాపలా అనుకున్నాను.

మామయ్య నా పేరు తీసేస్తానన్నాడు, గోదాముకు రావద్దన్నాడు. అమ్మిన మంచాల ఊసెత్తలేదు. రవి పొద్దున్నే ఆటో ట్రాలీ మాట్లాడుకుని, కొన్నవాళ్ల ఇళ్లకు పోయి వాటిని వెనక్కి తెస్తున్నాడు. మామయ్య అతనితో మాట్లాడటం లేదు. అయినా రాత్రి ఆయన మందులు రవే ఇస్తున్నాడు.

నాతో వచ్చెయ్యమన్నాను. "ఆయన్ను ఇడిసి నేను రాలేను నళినీ. గట్లని నిన్ను ఆపను" అన్నాడు. నా బట్టలు తనే సర్దాడు. చలికని తన స్వెటర్ కూడా పెట్టాడు. ఎప్పుడొస్తావని అడగలేదు, నేనూ చెప్పలేదు.

శుక్రవారం బండికి టికెట్ దొరికింది. ఈ ఉత్తరం నాకంటే ముందే చేరుతుంది. పోస్టు ఇంకా ఖాళీగా ఉందో లేదో, లేకపోయినా వస్తాను. స్టేషన్‌కు రా. నేను దిగగానే ఏమీ అడక్కు, అడిగితే అక్కడే ఏడుస్తాను. కాలనీ దాకా నీ మిల్లు సంగతులు ఏవో ఒకటి చెబుతూ తీసుకుపో.

నీ దగ్గరికి బయల్దేరుతున్న
నళిని