వేరే దువ్వెన

వదినా,

పిల్లని ఆదివారం బస్సెక్కించమని అన్నయ్య ఫోన్ చేశాడు. ఎక్కించను. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఎందుకో రాస్తున్నాను.

నీ కూతురి తలలో జుట్టూడిన ఆ గుండ్రటి మచ్చ తామర కాదు. కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి చూశాను. తామరైతే పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది, వెంట్రుకలు కుదుళ్ళ దగ్గర విరిగి ఉంటాయి. ఇక్కడ చర్మం కోడిగుడ్డులా నున్నగా ఉంది. డాక్టరమ్మ కూడా చూసి పేనుకొరుకుడంది. పేరుకే గానీ పేలకీ దానికీ సంబంధం లేదట, ఎవరికీ అంటదట. చాలామందికి జుట్టు మళ్ళీ వస్తుందట.

నీ చిన్నవాడికి ఎక్కడ అంటుకుంటుందోనని భయపడి దాన్ని నా దగ్గరికి పంపావు. తల్లికి ఆ భయం సహజమే, కానీ నీ అనుమానం పిల్లకి పెనుభూతమైంది. వచ్చిన రోజు నా మంచం మీద కూర్చోమంటే, "నీకూ వస్తుందేమో అత్తా" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో కవరు, అందులో నువ్వు విడిగా పెట్టిన దువ్వెన.

ఇప్పుడు దాని తల దువ్వి, అదే దువ్వెనతో నేనూ దువ్వుకుంటున్నాను. అద్దంలోంచి చూసి, దువ్వెన తీసుకుని మళ్ళీ ఆ కవర్లోనే పెట్టేస్తుంది. నేను దువ్వుకుంటే దానికి చాలడం లేదు.

అందుకని నువ్వే రా. దాని ఎదురుగా కూర్చుని, జడ విప్పుకుని, ఆ దువ్వెనతో దువ్వుకో. ఆ తర్వాతే బస్సు.

నీ ఆడపడుచు