ఎత్తిపట్టిన చెయ్యి

నర్సమ్మ గారికి, వాక్యం చెప్పుకు బతికే బోధకుడి వందనాలు.

మీరు చెప్పినట్టే మా అన్నకు బీపీ మాత్ర వేసి, గంట ఆగి, మణికట్టుకు మీరిచ్చిన మిషన్ కట్టాను. పై అంకె నూట డెబ్బై. ఒళ్లు మండింది నాకు. సముద్రాన్ని చీల్చినవాడికి ఇంత నెత్తురు ఓ లెక్కా? మర్నాడు ప్రార్థన పెట్టి, ఆ మధ్యలోనే కొలిచాను. నూట ఇరవై. మాత్ర మీది, దించినవాడు ఆయన. మీ డాక్టరు గారికి ఈ ముక్క చెప్పండి.

ఇట్లు, వాక్యసేవకుడు.

తా.క. మా అన్న ఒట్టి అవిశ్వాసి. ప్రార్థన మధ్యలో "చెయ్యి పీకుతోందిరా" అంటాడు.

బోధకుడు గారికి నమస్కారం.

ఒక్క రోజులో యాభై దిగడం నాకు నచ్చలేదు. మందు ఎక్కువైందేమో. వేసి ఊరుకోకుండా కొలవమనేది అందుకే. మరీ దిగితే మనిషి కళ్లు తిరిగి పడతాడు. దిగకపోతే తలలో నరం చిట్లుతుంది. నూట పదికి తగ్గితే మాత్ర ఆపి నాకు రాయండి. ప్రార్థన చేసుకోండి, కాస్త గొంతు తగ్గించి.

ఇట్లు, నర్సు.

తా.క. పోయినసారి మీరు మా వరండాలో ప్రసంగించారు. ఆ పూట కొలిచినవాళ్లందరికీ ఎక్కువే వచ్చింది.

నర్సమ్మ గారికి,

నూట ఎనిమిది. మాత్ర ఆపేశాను. మీ మాటే సుమా, నాది కాదు. అప్పట్నుంచీ మాత్ర లేదు, అయినా నూట ముప్పై దాటలేదు. పక్కింటి దర్జీకి ప్రార్థనలో కొలిస్తే అతనికీ తక్కువే. ఆదివారం అన్నను జనం ముందు కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పిస్తున్నాను. సందేహించే నోళ్లు ఆ రోజుతో మూతపడాలి.

ఇట్లు, వాక్యసేవకుడు.

తా.క. అన్నకు మెడ వెనక నొప్పి, కళ్ల ముందు మిణుగురులు. అవిశ్వాసం దిగేటప్పుడు అంతే అన్నాను. "అయితే దాన్ని ఉండనియ్యరా, అదున్నన్నాళ్లూ నొప్పి లేదు" అన్నాడు.

బోధకుడు గారూ,

ఆ నొప్పికీ ఈ అంకెకీ పొత్తు కుదరడం లేదు. ఆయన్ని రేపే తీసుకురండి. కొలిచేటప్పుడు ఆయన చెయ్యి ఎక్కడుంటోంది? అదొక్కటీ రాయండి. వాక్యం వద్దు.

నర్సు.

నర్సమ్మ గారికి,

ప్రార్థనలో చెయ్యి ఉండాల్సిన చోటే ఉంది. ఆకాశానికి. గ్రంథంలో లేదూ? యుద్ధం నాడు కొండ మీద, జనాన్ని సముద్రం దాటించిన ఆ పెద్దాయన చేతులు లేస్తే గెలుపు, వాలితే ఓటమి. అలసిపోతే ఇద్దరు చెరో పక్క నిలబడి ఎత్తిపట్టారు. ఇక్కడ నేనొక పక్క, దర్జీ ఒక పక్క. దింపితే అంకె పెరుగుతోంది తల్లీ, నా కళ్లతో చూశాను. ఇంకేం రుజువు కావాలి? సాక్ష్యం అయ్యాకే తీసుకొస్తాను.

ఇట్లు, వాక్యసేవకుడు.

తా.క. దర్జీకి భుజం పట్టేసింది. అతనికంటే పొడుగు మనిషిని వెతుకుతున్నాం.

బోధకుడు గారూ,

చెయ్యి గుండెకంటే పైకి లేస్తే ఎవరికైనా మిషన్ తక్కువే చూపిస్తుంది. దేవుణ్ణి నమ్మేవాడికీ అంతే, నమ్మనివాడికీ అంతే. దింపి గుండె ఎత్తున పెట్టినప్పుడు వచ్చిందే నిజం. ఇన్నాళ్లూ మందు లేకుండా ఉన్నాడాయన. మాత్ర వేసి, ఈ ఉత్తరం మడిచేలోపు బండి ఎక్కించండి.

నర్సు.

తా.క. రాసే తీరిక లేదు.

నర్సమ్మకు, ఆ చెయ్యిగల అన్న ఆశీస్సులు.

అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటే ఏమనుకోకమ్మా. ఎడమచేత్తో రాస్తున్నాను. నువ్వు మనిషి చేత పంపిన ఉత్తరం ఆదివారం మధ్యాహ్నం చేరింది. ఆ పొద్దున సాక్ష్యంలో వాళ్లు ఎత్తిపట్టిన కుడిచెయ్యి, వదలగానే రాయిలా పడింది. మళ్లీ లేవలేదు. కుడికాలూ దానికి తోడుపోయింది. పోయిన వారమే పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు.

తమ్ముడు ఆనాటి నుంచీ నోరు తెరవలేదు. మాత్ర వేస్తాడు, గంట కూర్చుంటాడు. బల్ల మీద దిండు వేసి, నా ఎడమచెయ్యి గుండె ఎత్తుకు సర్ది కొలుస్తాడు. వచ్చిన అంకే రాస్తాడు. తర్వాత నా కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని అలా ఉండిపోతాడు. వాక్యం చెప్పమని జనం వచ్చి పిలిస్తే తలుపు వేసేస్తున్నాడు. నేను అవిశ్వాసినే. అయినా వాణ్ణి కాస్త గొంతెత్తమని నువ్వో మాట రాయమ్మా. నీ మాటంటే భయం వాడికి. ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం నా వల్ల కావడం లేదు.

ఇట్లు, అన్న.

తా.క. పొద్దున నేను నిద్రలో ఉన్నాననుకుని మిషన్ తన మణికట్టుకు కట్టుకున్నాడు. చెయ్యి దింపి, ఆ దిండు మీదే పెట్టి చూసుకున్నాడు. రెండు వందలు. నీకు చెప్పడు, అందుకే నేను రాస్తున్నాను. వాడికీ ఓ మాత్ర పంపు. వేశాక కొలవడానికి నేనున్నాను. దానికి ఒక చెయ్యి చాలు.