బోర్లించిన హంసలు

అనురాధ వదినా, ఇక్కడ ఐర్లండ్‌లో, ఈ స్లైగో ఊళ్లో మేమంతా క్షేమమే.

లైబ్రరీలో మన ఓరుగల్లు కోట ఫోటోలు పెట్టారు. రాతి హంసల వరుస బొమ్మ ఉన్న ఈ కార్డు అక్కడిదే. బొమ్మ చూడగానే మా లోహిత "మమ్మీ, దట్స్ అవర్ వాషింగ్ స్టోన్!" అని అరిచింది. ఎండాకాలంలో మేమొచ్చినప్పుడు మనింట్లో బట్టలుతికే బండ దొర్లిస్తే అడుగున హంసలు, అంచున ఒట్టి హంస తల కనబడ్డాయి కదా! అన్నేమో "గవి బాతులే, బోర్లెయ్యిండ్రి, బట్టలు చినుగుతయి" అన్నాడు.

దసరాకు మేస్త్రీ దాన్ని కొట్టి మెట్టు చేస్తానన్నాడు, వద్దను. ఫోన్‌లో చెబితే అన్న నవ్వుతాడు, అందుకే ఈ కార్డు. బండ తిప్పించి, ఈ బొమ్మను పక్కన పెట్టి చూడు. నవదీప్‌కు జ్వరం తగ్గిందా? వాడికి నా ముద్దులు.

బొమ్మలో చివరి హంసకు తల లేదు. కింద "మిగతా ముక్క జాడ తెలియదు" అని అచ్చేశారు. ఆ తల మీదే మనం ఇన్నేళ్లూ దుప్పట్లు బాదాం, వదినా.

సుధేష్ణ