ఆదెమ్మత్త గుమ్మం ముందు దండోరా

మన పల్లె,
ఆదివారం సాయంత్రం.

చెల్లి రోజారమణికి అన్న కృపారావు దీవించి రాసేది. మరియతల్లి దయవల్ల ఇక్కడ అమ్మా, మీ వదినా, నేనూ బాగున్నాం. కాన్వెంటులో నువ్వూ బాగున్నావని తలుస్తున్నాను. ‘అందరం బాగున్నాం’ అని రాయడానికి చెయ్యి రాక పేర్లు పెట్టి రాశాను.

నీ ఉత్తరం పది రోజుల కిందట అందింది. ఫోను లేకుండా, నెలకొక ఉత్తరంతో ఎలా ఉంటున్నావో గాని, నీ రాత మాత్రం ముత్యాల్లా తయారైంది. ఇంకా సిస్టరువి కాకముందే ప్రసంగాలు మొదలుపెట్టావు, పూజ ఎగ్గొడుతున్నావా అన్నా అని. ఎగ్గొట్టడం లేదు తల్లీ. వెనక వరసలో కూర్చుంటున్నాను.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. జగ్గయ్యపేట డాక్టరు రాసిన మాత్రలు మింగుతోంది, నడుస్తోంది. నన్ను తిట్టే ఓపిక ఏమాత్రం తగ్గలేదు. నాన్న డప్పు సంగతి అడిగావు. అదే మేకుకు వేలాడుతోంది. మార్చి తర్వాత నేను దాన్ని ముట్టుకోలేదు. నిన్ననే ముట్టుకున్నాను.

ఇక మూడోది. ‘అణు ప్లాంటు మీటింగులో ఆదెమ్మత్త లేచి అడిగిందా? ఆఫీసర్లు ఏమన్నారు?’ అని వరసగా మూడు ఉత్తరాల్లో అడిగావు. మూడుసార్లూ నేను వానల గురించి రాశాను. ఇవాళ రాయక తప్పదు.

మునేటి వాగు అవతల గుట్టల్లో ప్లాంటు వస్తుందని నువ్వు వెళ్లేనాటికే గుప్పుమంది గదా. ప్రమాదం జరిగి సైరను మోగితే మూడు గంటల్లో ఊరు ఖాళీ చేయాలట అని ఎవరో చెప్పిన రోజు నుంచి అత్తకు అదే ధ్యాస. ఊళ్లో గ్రామ సహాయకుణ్ణి నేనే, దండోరా వేయాల్సిందీ నేనే. అందుకని వీధిలో కనపడితే చాలు, పట్టుకునేది.

“ఒరే కృపా, మీటింగు ఎప్పుడంట? చాటేటప్పుడు మా ఇంటి ముందు గట్టిగా వెయ్యి. నేనొకటి అడగాల.”

“ఏం అడుగుతావత్తా?”

“సైరను మోగిన రోజున వాగు పొంగి మన చప్టా మునిగిందనుకో. మంచంలో ఉన్న మీ థామస్ మావని ఎటునుంచి మోసుకుపోవాలా? అదొక్కటే అడుగుతా.”

కుళాయి దగ్గరా, మిరప చేలోనూ ఆ ముక్కనే పదేపదే చెప్పుకునేది. ఆఫీసర్ల ముందు తడబడకూడదని ఆమె భయం.

నాన్న దండోరా ఎలా వేసేవాడో నీకు గుర్తుండే ఉంటుంది. పొయ్యిలు వెలిగే వేళకు డప్పు కాచుకుని బయలుదేరేవాడు. చెప్పాల్సింది చెప్పి, “విన్నారా?” అని కేకేసి, ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు “ఆఁ” అనేదాకా గుమ్మం ముందు నుంచి కదిలేవాడు కాదు. మనం వెనకాల తిరుగుతూ నవ్వేవాళ్లం. “ఆఁ రాకపోతే చాటినట్టు కాదమ్మా” అని నీకే చెప్పేవాడు పాపం.

మార్చిలో కోతలు జోరుగా ఉన్నప్పుడు నవీన్‌బాబు నన్ను పిలిచాడు. మన మోతుబరి గారి అబ్బాయి, ప్లాంటు వాళ్ల తరపున భూముల వ్యవహారం చూస్తున్నాడు. మీటింగు నోటీసు నా చేతిలో పెట్టాడు.

“రేపు మిట్టమధ్యాహ్నం వేసెయ్ కృపారావ్. సాయంత్రం అయితే జనం పోగై గోల చేస్తారు.”

“ఆ టైముకి పల్లెలో పిట్ట కూడా ఉండదు బాబూ. అందరూ కోతలకు పోతారు.”

“అందుకేగా చెప్తున్నా. ప్లాంటు గేటు దగ్గర నీకో ఉద్యోగం నేను చూస్తాలే.”

వేశాను చెల్లీ. ఆ ఎండకు డప్పు కాచే పని కూడా లేకపోయింది. తాళాలు వేసిన తలుపుల ముందు నిలబడి నోటీసు చదివాను. ఆదెమ్మత్త తలుపు ఒక్కటే దగ్గరగా వేసి ఉంది. లోపల మంచంలోంచి థామస్ మావ ఏదో మూలిగాడు. పక్షవాతంతో నోరు పడిపోయిన మనిషి, ఆ రోజు నా దండోరా విన్నది ఆయనొక్కడే. నేను ఆగకుండా వచ్చేశాను. ‘దండోరా వేయడమైనది’ అన్న చోట సంతకం పెట్టాను.

ఆ తేదీ నేను ఎవరికీ చెప్పలేదు. నెల తర్వాత మీటింగుకు టెంటు వేశారు. నవీన్‌బాబు వ్యాన్లలో తెచ్చిన పాతికమంది తమకు సమ్మతమే అన్నారు. దండోరా వేయించాం, అభ్యంతరాలేమీ రాలేదు అని ఆఫీసరు గారు చదివారు. నేను వెనకాల మంచినీళ్ల గ్లాసులు అందిస్తున్నాను. టెంటు తాళ్లు విప్పుతుండగా అత్త చేలోంచి పరుగెత్తుకొచ్చింది. మిరపకాయలు కోసిన చేతులు కడుక్కోను కూడా లేదు.

“అయిపోయిందా? ఎప్పుడు చాటావురా?”

“చాటానత్తా. నువ్వే ఇంట్లో లేవు.”

“అయితే నాదే తప్పులే” అని వెళ్లిపోయింది.

ఆగస్టులో మునేరు పొంగింది. చప్టా మీద నడుం లోతు నీళ్లు. పట్టపగలు పదకొండింటికి అత్తకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఆంబులెన్సు అవతలి ఒడ్డున ఆగిపోయింది. మంచం మీద వేసి మోసుకెళ్లాం, ఒక కోడు నేనే పట్టాను. ఎంతసేపు చూసినా నీళ్లు తగ్గలేదు. “మీ మావకి అన్నం పెట్టారా?” అని అడిగింది. ఆ తర్వాత మాట లేదు. ఇవతలి ఒడ్డునే పోయింది చెల్లీ. ప్లాంటు ఇంకా కట్టనే లేదు, సైరను మోగనే లేదు. ఆమె అడగాలనుకున్నది మాత్రం ఆమెకే జరిగింది.

నిన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నీకు రాయనివ్వలేదు అమ్మ. “దాని ప్రమాణాలు అయిందాకా చెప్పమాకరా” అంది. మావను కూతురు కంచికచర్ల తీసుకెళ్లింది. ఇంటికి తాళం పడింది. ఆ తాళం ముందు నుంచి నడిస్తే “మీటింగు ఎప్పుడురా?” అని లోపల్నుంచి వినపడుతుంది. నవ్వకు, నిజంగానే వినపడుతుంది. పూజలో అందరూ గుండె మీద కొట్టుకుని నా పాపమే అంటుంటే నాకు నోరు పెగలదు. “నాదే తప్పులే” అన్న అత్త గొంతే చెవుల్లో ఉంటుంది. వెనక వరసలో ఎందుకు కూర్చుంటున్నానో ఇప్పుడు తెలిసిందిగా.

నిన్న పొయ్యిలు వెలిగే వేళకు నాన్న డప్పు దించి, కాచి, బయలుదేరాను. “మార్చిలో నేను వేసింది దొంగ దండోరా. మీరెవరూ లేరని తెలిసే వేశా. మీటింగు మళ్లీ పెట్టమని అడగటానికి, నా సంతకం అబద్ధమని చెప్పటానికి సోమవారం నందిగామ ఆఫీసుకు పోతున్నా. వచ్చేవాళ్లు రండి. విన్నారా?” అని ప్రతి గుమ్మం ముందూ చెప్పాను. ఒకామె నా కాళ్ల ముందు ఉమ్మేసింది. ఇశ్రాయేలు తాత ఏడ్చాడు. అయినా ఎవరో ఒకరు “ఆఁ” అనేదాకా ఎక్కడా కదల్లేదు. నవీన్‌బాబు ఫోను చేసి ఉన్న ఉద్యోగం కూడా ఊడుద్ది అన్నాడు. ఊడుతుందనే అనుకుంటున్నాను. మీ వదిన ఇంతవరకూ నాతో మాట్లాడలేదు గాని, రేపటికి నా తెల్లచొక్కా ఉతికి ఆరేసింది. రేపు నాతో ఎంతమంది బస్సెక్కుతారో తెలియదు. అత్త ప్రశ్న మాత్రం ఆమె మాటల్లోనే కాగితం మీద రాసుకున్నాను.

చివరిగా ఆదెమ్మత్త గుమ్మం ముందు వేశాను. ఆమె అడిగినంత గట్టిగానే వేశాను. “విన్నావా అత్తా?” అని నిలబడ్డాను. చీకటి పడిందాకా నిలబడ్డాను. అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

ఆ ఒక్క ఇంటి జవాబు రాలేదు. ఆ ఇంట్లో పెరిగినదానివి నువ్వూ. నన్ను క్షమించమని అడగడం లేదు. తిట్టాలనుంటే కాగితం నిండా తిట్టు. ముందు మాత్రం ఆమె బదులు ‘ఆఁ’ అని రాయి.

ఇట్లు,
ఆ గుమ్మం ముందే ఇంకా నిలబడి ఉన్న
నీ అన్న,
కృపారావు